'ఎస్ప్రెస్సో' అమ్మాయి పదిహేనేళ్ళప్పటి ఆల్బమ్: అసలు ఆ గొంతు ఎవరిది?

రాత్రి షిఫ్టు

అందరికీ నమస్తే. ఇది కాస్త ఇంటి గొడవ, ముందే చెప్తున్నా.

మా చెల్లికి అమెరికన్ గాయని సబ్రీనా కార్పెంటర్ అంటే పిచ్చి. 2024లో 'ఎస్ప్రెస్సో' పాట వచ్చినప్పటి నుంచి ఇంట్లో అదే మోత. నాకూ నచ్చింది, దాని ముందు ఒప్పుకోలేదంతే. పోయిన వారం రాత్రి డ్యూటీలో కాస్త ఖాళీ దొరికితే, ఈమె ఎక్కడ మొదలైందో చూద్దామని వెనక్కి వెళ్ళాను. 2015 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'ఐస్ వైడ్ ఓపెన్' దొరికింది. పన్నెండు పాటలు. మూడో పాటకే అనుమానం వచ్చింది, ఈ పాడేది ఆమేనా అని.

ఎస్ప్రెస్సోలో మనిషి పక్కన కూర్చుని, నవ్వు ఆపుకుంటూ చెవిలో చెప్పినట్టు పాడుతుంది. ఇక్కడేమో గిటార్లు, చప్పట్లు, కోరస్ వచ్చిందంటే చాలు గొంతు పైకి ఎగదోయడం. స్కూలు వార్షికోత్సవంలో చివరి వరస దాకా వినపడాలన్నట్టు ఉంది. అప్పటికి ఆమె డిస్నీ ఛానెల్‌లో 'గర్ల్ మీట్స్ వరల్డ్' అనే సీరియల్లో నటిస్తోందట. వయసు పదిహేను.

పొద్దున ఇంటికొచ్చి చెల్లితో ఊరికే అన్నాను: "టీవీలో పేరొచ్చిన పిల్ల మొహం అట్ట మీద వేసి, మిగతాదంతా కంప్యూటర్‌తో లాగించేశారు." అంతే, మూడు రోజులు మాటల్లేవు. చివరికి పందెం దాకా వచ్చింది. తెలిసినవాళ్ళు ఎవరు కరెక్ట్ అంటే వాళ్ళు గెలిచినట్టు, ఓడినవాళ్ళు నెల రోజులు రాత్రి గిన్నెలు తోమాలి.

కాబట్టి సంగీతం తెలిసినవాళ్ళు చెప్పండి. ఆ గొంతు నిజంగా ఆమెదేనా? ఆమెదే అయితే తొమ్మిదేళ్ళలో మనిషి అంత మారిపోతుందా? నిజం చెప్పండి, నేను ఓడినా పర్లేదు. ఓడకపోతే ఇంకా మంచిది.

సైడ్ బి

బ్రో, ఇందులో చర్చించడానికేముంది? ఫ్యాక్టరీ సరుకు. హిలరీ డఫ్ 2003, మైలీ సైరస్ 2007, డెమీ లొవాటో 2008, సెలీనా గోమెజ్ 2009. ఇవి వాళ్ళ ఆల్బమ్‌లు వచ్చిన ఏళ్ళు, వరసగా చూడు: అందరూ అదే ఛానెల్, పాటలేమో అదే కంపెనీ చేతిలోని లేబుళ్ళ (రికార్డు కంపెనీల) నుంచి. పిల్ల సీరియల్లో క్లిక్ అవ్వగానే ఒక ఆల్బమ్. మన దగ్గర హీరో హిట్ కొట్టగానే నూనె ప్యాకెట్ మీద ఫోటో వేసినట్టు. నా ఓటు నీకే. గిన్నెలు మీ చెల్లికి.

మూడో వరస కోరస్

ఆలస్యంగా చూశాను. తమ్ముడూ, గెలిచింది మీ చెల్లెలే, కాకపోతే సగం. గిన్నెలు మీరు తోమండి, చెంచాలు ఆమెకివ్వండి.

ముందు నా సంగతి చెప్తాను, నా మాటకి ఎంత విలువివ్వాలో మీరే చూసుకోవచ్చు. పదకొండేళ్ళు కోరస్ పాడాను, ట్రాకులు పాడాను. ట్రాక్ అంటే తెలియనివాళ్ళ కోసం: అసలు గాయని ఇంకా రాకముందే, ఒక్కోసారి ఎవరు పాడాలో తేలకముందే, పాట ఇలా ఉంటుందని ఇంకెవరితోనో పాడించి పెట్టుకుంటారు. తర్వాత అసలామె వచ్చి, దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ పాడుతుంది. ఆ పని అయ్యాక మా గొంతు చెరిపేస్తారు. పిలుపులు తగ్గాక కొన్నేళ్ళు రికార్డింగ్ అసిస్టెంటుగా కూర్చున్నాను. అంటే స్టూడియో అద్దానికి అటూ ఇటూ రెండువైపుల నుంచీ చూశానన్నమాట.

కంప్యూటర్ అనుమానం ముందు తీర్చేస్తాను. ఆటోట్యూన్ 1997 నుంచీ ఉంది. అది లేని గొంతుని పుట్టించదు. శ్రుతి జారిన చోట స్వరాన్ని దగ్గర్లో ఉన్న సరైన మెట్టు మీదకి లాగుతుంది, అంతవరకే. మాట ఎలా పలకాలి, ఊపిరి ఎక్కడ వదలాలి, ఏ అక్షరం మీద ఆగాలి అన్నవి పాడే మనిషివే. ఇంకోటి, ఒకే లైను పది పదిహేనుసార్లు పాడించి, ఒక టేకులోంచి మొదటి ముక్క, ఇంకో టేకులోంచి చివరి ముక్క ఏరి అతికిస్తారు. దీన్ని కాంపింగ్ అంటారు. ఇది పేరున్నవాళ్ళకీ చేస్తారు, పిల్లలకీ చేస్తారు. నేను స్వయంగా కూర్చుని ఏరి పెట్టినవి లెక్కలేనన్ని. అందులో మోసమేమీ లేదు, చీరకి ఫాల్ కుట్టడం లాంటిదే.

పిల్ల నటి గొంతుని గదిలోనే బలంగా చేయడం నిన్న మొన్నటిది కూడా కాదు. 1950ల చివర్లో ఇదే డిస్నీ వాళ్ళకి ఆనెట్ ఫునిచెల్లో అనే అమ్మాయి ఉండేది, 'మిక్కీ మౌస్ క్లబ్' పిల్ల. గొంతు సన్నం. కామరాటా అనే సంగీత నిర్వాహకుడు ఆమె చేత అదే లైను రెండుసార్లు పాడించి, ఒకదాని మీద ఒకటి వేసి చిక్కగా చేశాడు. 1959లో ఆమె పాట అమెరికా జాబితాలో ఏడో స్థానం దాకా వెళ్ళింది. అప్పుడు ఏ కంప్యూటరూ లేదు, టేపు ఒక్కటే. మీరు 'ఐస్ వైడ్ ఓపెన్'లో విన్న ఆ కోరస్ ఎగదోతలో సగం ఈ కిటుకే. ఒకే గొంతు మీద అదే గొంతు పొరలు పొరలుగా. అందుకే వార్షికోత్సవంలా అనిపించింది. నలుగురు పిల్లలు పాడినట్టు వినపడుతుంది, నలుగురూ ఆమే.

మరి మనిషి వేరేలా ఎందుకుంది? ఇక్కడ మీ అనుమానంలో సగం నిజం ఉంది. గొంతు ఆమెదే. ఆ గొంతుని ఎక్కడ నిలబెట్టాలన్నది మాత్రం ఆమె ఒక్కదాని నిర్ణయం అయ్యుండదు. పదిహేనేళ్ళ పిల్ల, పిల్లల ఛానెల్ కంపెనీ లేబుల్, ఆ పాటలు రేడియో డిస్నీలో కూడా మోగాలి. అంటే ఆ మాటలు ఎనిమిదేళ్ళ పిల్ల కారు వెనక సీట్లో కూర్చుని అమ్మానాన్నల ముందు పాడుకునేలా ఉండాలి. ఇప్పుడు సబ్రీనా పాటల్లో ఉన్న కొంటెతనం అక్కడ ఎక్కడ పెడతారు? ఆ కొంటెతనం తీసేస్తే మిగిలేది హుషారు. హుషారంటే పై స్థాయి, చప్పట్లు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఒకసారి మా స్టూడియోకి ఒక టీవీ అమ్మాయి వచ్చింది. పదహారేళ్ళు. సీరియల్లో బాగా పేరొచ్చింది, ఆమె పేరు మీద పాటల ఆల్బమ్ వేద్దామని పెద్దవాళ్ళు అనుకున్నారు. ఎవరు, ఎక్కడ అన్నది వద్దు. పాటలు అప్పటికే తయారు, వాయిద్యాలన్నీ వాయించేశారు, ట్రాక్ పాడింది నేనే. నా శ్రుతి ఐదున్నర (అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి). అమ్మాయి వచ్చి మైకు ముందు నిలబడి మొదటి లైను అందుకోగానే నాకు అర్థమైంది, ఆమెది నాలుగు. కొంచెం అటూఇటూ కాదు, ఒకటిన్నర తేడా. పాట మొత్తం ఆమె నెత్తి మీద ఉంది.

శ్రుతి దింపుదామా అని అడిగాను, మెల్లిగా. వాయిద్యాలు మళ్ళీ వాయించాలి, ఎవరు డబ్బిస్తారు అన్నారు. సరే, రెండు రోజులు ఆ పిల్ల మడమలెత్తి అటక మీది డబ్బా అందుకోవాలన్నట్టు పాడింది. మధ్యమధ్యలో స్పీకర్లోంచి "నవ్వుతూ పాడమ్మా, నవ్వు వినపడాలి" అంటూ ఒకాయన. టీ బ్రేకులో బయట మెట్ల మీద కూర్చుని, లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఏదో తనలో తాను కూనిరాగం తీస్తోంది. కింది స్థాయిలో. కాస్త బొంగురు, కాస్త బద్ధకం, ఎంత బాగుందో! లోపల మేము రెండు రోజులు రికార్డు చేసింది ఆ పిల్లని కాదు. ఆమె గొంతుతో నా శ్రుతిని రికార్డు చేశాం.

అప్పటి నుంచీ పిల్ల నటుల మొదటి ఆల్బమ్ ఏది విన్నా, గొంతు ఎవరిదని అడగను. శ్రుతి ఎవరిదని అడుగుతాను.

చాలామంది "పాట ఆమే రాసిందా" అని కొలుస్తారు, మీరూ అదే అడగబోతారు. అది అంత గట్టి కొలత కాదు. రికీ నెల్సన్ అని 1957లో ఇంట్లోవాళ్ళ టీవీ షోలోనే పాటకుర్రాడైనవాడు. మొదటి రికార్డు వేరేవాళ్ళ పాటే. పదిహేడేళ్ళకి ఆల్బమ్ తెస్తే 1958 జనవరిలో అది నంబర్ వన్. ఆ గొంతులో బద్ధకం అతనిదే, ఎవరూ మార్చలేదు, అందుకే ఇప్పటికీ బాగుంటుంది. ఇంకోపక్క షెల్లీ ఫాబరేస్ అనే టీవీ అమ్మాయి తనకి పాడటం రాదు మొర్రో అన్నా పాడించారు. 1962లో ఆ పాట నంబర్ వన్ అయింది. దాని వెనక కోరస్ పాడింది బ్లాసమ్స్ అనే ముగ్గురమ్మాయిల జట్టు, డార్లీన్ లవ్ ఉన్నది అందులోనే. మా కోరస్ వాళ్ళం ఆ పాటలో ముందున్న అమ్మాయిని కాదు, వెనక ఉన్నవాళ్ళని వింటాం. క్షమించాలి, కులాభిమానం!

ఎస్ప్రెస్సో కూడా సబ్రీనా ఒక్కతే రాసింది కాదు, ఇంకో ముగ్గురున్నారు. మొదటి ఆల్బమ్‌కీ దీనికీ తేడా పక్కన ఎంతమంది కూర్చున్నారన్నది కాదనుకుంటాను. "ఇది నా నోట్లో పట్టదు, వద్దు" అన్నప్పుడు గదిలో మిగతావాళ్ళు పెన్ను కింద పెడతారా లేదా, అదీ తేడా. పదిహేనేళ్ళకి అలా అనగలిగేవాళ్ళు తక్కువ.

ఒక పని చేయండి. ఆ ఆల్బమ్ మళ్ళీ పెట్టి, కోరస్‌లు వదిలేసి చరణాలు మాత్రం వినండి. 'వీల్ బి ది స్టార్స్' మొదటి చరణం హెడ్‌ఫోన్లలో, లైటు తీసేసి. కోరస్ రాగానే ఆపేయండి. తర్వాత నాకు చెప్పండి.

కిటికీ సీటు

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అయినా ఒక దెబ్బలాట ఉంది. నా పేరు చూస్తే షో చూసినవాళ్ళకి అర్థమైపోతుంది, రైలీ, మాయా కూర్చునే కిటికీ అది. 2014 జూన్‌లో మొదటి ఎపిసోడ్ నుంచి చూశాను. సబ్రీనా వేసిన పాత్ర మాయా హార్ట్.

ఇక్కడ అందరూ టీవీ పిల్లకి పాటలు అంటించారు అన్నట్టు మాట్లాడుతున్నారు. తిరగేసి చూడండి. ఆమె తొమ్మిది పదేళ్ళకే యూట్యూబ్‌లో పాటలు పాడి పెట్టేది. మైలీ సైరస్ తరఫున పెట్టిన పాటల పోటీలో మూడో స్థానం వచ్చింది. పెన్సిల్వేనియాలో వాళ్ళ ఇంట్లో నాన్న ఊదారంగు గోడలతో రికార్డింగ్ గది కట్టించి ఇచ్చాడు. ఇదంతా మాయా పాత్రకి ముందే. అంటే పాట ముందు, టీవీ తర్వాత. ఆమెకి టీవీ ఒక తలుపు అంతే.

సైడ్ బి గారూ, ఆ వరసలో ఈమెని కలపడం కూడా సరికాదు. మైలీ నటించిన 'హానా మోంటానా' సీరియల్ కథే పాప్ స్టార్ కథ. ప్రతి ఎపిసోడ్ ఒక ప్రకటనే. డెమీది 'క్యాంప్ రాక్', అదీ పాటల కథే. మాయా హార్ట్ ఏం చేస్తుంది? బొమ్మలు గీస్తుంది! టైటిల్ పాట రొవాన్ బ్లాంచర్డ్, ఈమె కలిసి పాడారు, అంతకుమించి ఆ షో ఆమె ఆల్బమ్‌ని పెద్దగా మోసిందేమీ లేదు. మైలీ 2007 ఆల్బమ్ నేరుగా నంబర్ వన్‌లో దిగింది. ఈమెది 43 దగ్గర ఆగింది. ఫ్యాక్టరీ అంటే లాభం రావాలి కదా సార్.

ఇంకొకటి. 'కాంట్ బ్లేమ్ ఎ గర్ల్ ఫర్ ట్రైయింగ్' ఎవరూ ఎత్తలేదేంటి? ఆ పాటే ఆమెని మొదట వినిపించింది, 2014లో. అబ్బాయి కోసం చేసిన తింగరి పనులన్నీ చెప్పి "ప్రయత్నించిందని అమ్మాయిని తప్పు పట్టకండి" అంటుంది. తన మీద తనే జోకేసుకోవడం. ఇప్పటి సబ్రీనా మొత్తం అదే కదా? ఆ పాట రాసినవాళ్ళలో మెగన్ ట్రైనర్ ఉంది. అప్పటికి ఆమె పేరు బయటివాళ్ళెవరికీ తెలియదు, వేరేవాళ్ళకి పాటలు రాసిపెట్టే అమ్మాయి.

మూడో వరస కోరస్

కిటికీ సీటు, యూట్యూబ్ సంగతి నేను వదిలేశాను, తప్పు నాదే. అది తెలిశాక ఒక మాట మార్చుకుంటున్నాను. మా స్టూడియో అమ్మాయికి పాట ఎవరో తెచ్చిచ్చారు. ఈమె తనంతట తానే పాట దగ్గరికి వచ్చింది. ఆ రెండూ ఒకటి కావు.

కానీ మెగన్ ట్రైనర్ మాట తెచ్చి నా వైపుకే బంతి వేశారు. చూడండి, సబ్రీనా పాట వచ్చిన మూడు నెలలకే, 2014 జూన్ ఆఖర్లో, ఆ అమ్మాయే 'ఆల్ అబౌట్ దట్ బాస్' పాడి ప్రపంచం అంతా మోగించింది. ఆ పాట కూడా వేరేవాళ్ళు పాడతారని రాసిందే. ఎల్.ఏ. రీడ్ అనే లేబుల్ పెద్ద ఆమె నోట విని, నువ్వే పాడు అని కాంట్రాక్ట్ చేతిలో పెట్టాడు. ట్రాక్ పాడే జాతికి ఇంతకంటే పెద్ద పండగ లేదు. నాకెవరూ అనలేదు లెండి.

ఇప్పుడు 'కాంట్ బ్లేమ్' మళ్ళీ వినండి. మాటల మధ్య ఆ చిన్న విరుపులు, వాక్యం చివర భుజాలెగరేసినట్టు వదిలేయడం ఉన్నాయే, అవి మెగన్ సొంత పాటల్లోనూ ఉంటాయి. పదిహేను నిండని అమ్మాయి ఇంకో అమ్మాయి నడకలో నడుస్తోంది. బాగానే నడుస్తోంది, అది వేరే సంగతి. జోకు చెప్పే టైమింగ్ మాత్రం ఎవరూ నేర్పలేరు, అది ఒప్పుకుంటాను. ఆ టైమింగ్ బహుశా షో ఇచ్చి ఉంటుంది. రోజూ కామెడీ సీన్లు చేసే పిల్లకి ఏ మాట ముందు అర సెకను ఆగాలో ఒంట్లో ఇంకిపోతుంది. ఎస్ప్రెస్సో నిలబడింది ఆ అర సెకను మీదే. ఇన్నేళ్ళూ నటన పాటకి అడ్డం అనుకున్నాను, ఇప్పుడు రాస్తుంటే అడ్డం కాదేమో అనిపిస్తోంది.

సైడ్ బి

సరే సరే, 43 దగ్గర నోరు మూసుకున్నా. కానీ మరి ఒలీవియా రోడ్రిగో? అదీ అదే బాపతు కదా. డిస్నీ షో, పద్దెనిమిదేళ్ళు, 2021 మేలో 'సవర్'. మొదటి ఆల్బమే ఆ రేంజ్‌లో ఉంది కదా. దానికేమంటారు అక్కా?

మూడో వరస కోరస్

అదే అంటాను, శ్రుతి ఆమెదే! డిస్నీ లేబుల్ కాకుండా గెఫెన్‌కి వెళ్ళింది. డాన్ నిగ్రో అనే ఒక్క మనిషితో కూర్చుని ఆల్బమ్ దాదాపు మొత్తం చేసుకుంది. ఆ కోపంలో బూతు కూడా ఉంది, రేడియో డిస్నీ దాన్ని వేయదు. అసలు ఆ రేడియోనే ఆ ఏడాది మూతపడింది. ఒలీవియా మొదటి ఆల్బమ్‌లో చేసింది సబ్రీనాకి లేబుల్ మారాక, 2022 ఆల్బమ్ నుంచి కుదిరింది. అంతకుముందు నాలుగు ఆల్బమ్‌లు. ఆ నాలుగూ వృథా అని నేననను. స్టేజీ మీద ఆమెని చూస్తే తెలుస్తుంది ఎన్నేళ్ళ సాధకమో.

ఇద్దరు పిల్లల నాన్న

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. గొంతు, శ్రుతి బాగుంది కానీ నాకొకటే అనుమానం. పదిహేనేళ్ళ పిల్ల కాంట్రాక్ట్ మీద సంతకం చెల్లుతుందా? వచ్చిన డబ్బు ఎవరికి పోతుంది, అమ్మానాన్నలకా?

పాత నోటరీ

కాలిఫోర్నియా చట్టం వరకు చెప్తాను, వీళ్ళ కాంట్రాక్టులు ఎక్కువగా అక్కడివే కాబట్టి.

మైనర్ సంతకం చేసిన ఒప్పందాన్ని తర్వాత తానే కాదనవచ్చు. లేబుల్ వాళ్ళకి అది టెన్షన్, అందుకే కోర్టు చేత ముందే ఆమోదం వేయించుకుంటారు. ఒకసారి జడ్జి ఆమోదిస్తే మైనర్నని చెప్పి తప్పుకోవడం కుదరదు. అంటే అక్కగారు చెప్పిన "వద్దు" అనే మాటకి అక్కడొక తాళం పడుతుందన్నమాట.

డబ్బు సంగతికి వెనక కథ ఉంది. జాకీ కూగన్ అని చాప్లిన్ పక్కన 1921లో వేసిన చిన్న పిల్లాడు. బోలెడు సంపాదించాడు. పెద్దయ్యాక చూసుకుంటే తల్లి, సవతి తండ్రి దాదాపు అంతా ఖర్చు పెట్టేశారు. కోర్టుకెక్కితే దక్కింది కొంచెమే. ఆ గొడవ నుంచే 1939లో కూగన్ చట్టం వచ్చింది. మొదట్లో దానికి చాలా చిల్లులు, 2000లో సరిదిద్దారు. ఇప్పుడు పిల్లల మొత్తం రాబడిలో 15 శాతం విడిగా ట్రస్టు ఖాతాలో పడాలి, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఎవరూ ముట్టకూడదు. నటనకే కాదు, పాటల రికార్డింగుకి కూడా వర్తిస్తుంది. సంపాదన పిల్లదే, తల్లిదండ్రులది కాదు అని కూడా చట్టం చెప్తుంది. మిగతా 85లో ఏజెంట్లు, మేనేజర్లు, పన్నులు పోతాయి.

రికార్డు కంపెనీ ముందు ఇచ్చే అడ్వాన్సు మాత్రం మామూలుగా రాయల్టీలోంచి తిరిగి పట్టుకుంటారు. రికార్డింగ్ ఖర్చు కూడా చాలా ఒప్పందాల్లో గాయని ఖాతాలోనే రాస్తారు. 43 దగ్గర ఆగిన ఆల్బమ్‌లు ఆ అప్పు తీర్చడానికే చాలాకాలం పడుతుంది.

ఇద్దరు పిల్లల నాన్న

అంటే ఆ రెండు రోజులు నెత్తి మీది శ్రుతిలో పాడినదానికి కూడా బిల్లు ఆ పిల్లకేనా! దండం.

రాత్రి షిఫ్టు

రిపోర్టు ఇస్తున్నాను.

నిన్న సెలవు. రాత్రి తిన్నాక చెల్లిని కూర్చోబెట్టి మూడో వరస అక్క రాసింది చదివి వినిపించాను. మొదట "నువ్వు చదవద్దు, ఫోన్ ఇటివ్వు" అని లాక్కుంది. తర్వాత లైటు తీసేసి, చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని 'వీల్ బి ది స్టార్స్' పెట్టాం. కోరస్ రాగానే ఆపు అని చెప్పాను. అది ఆపలేదు, మళ్ళీ మొదటికి తిప్పింది. అలా నాలుగుసార్లు.

మొదటి చరణంలో ఉంది అక్కా. మాట చివర ఊపిరి వదిలేసే తీరు. ఆ ఒక్క చోట ఇప్పటి మనిషే. కోరస్ వచ్చేసరికి ఎవరో చెయ్యి పట్టుకుని మెట్లెక్కించినట్టు పైకెళ్ళిపోతుంది. ఇంతకుముందు ఇది ఎందుకు వినపడలేదో! చెల్లి మాత్రం "నాకు ముందు నుంచీ వినపడింది" అంటోంది. అబద్ధం. కానీ ఇప్పుడు ఏమన్నా మళ్ళీ మూడు రోజులు మాటలుండవు.

గిన్నెలు నేను తోముతున్నా. చెంచాలు కూడా నేనే, ఎందుకంటే "సగం" అన్న మాట తీర్పులో చెల్లదని పెద్దమనిషి తేల్చింది.

అది మిమ్మల్ని ఒకటి అడగమంది. ఆ టీవీ అమ్మాయి ఆల్బమ్‌లో మీ గొంతు మొత్తం చెరిపేశారా?

మూడో వరస కోరస్

మీ చెల్లి గట్టిపిండమే.

చెరిపేశారు. ఒక్క పాటలో తప్ప. రెండో చరణంలో ఆ అమ్మాయికి ఒక పైస్వరం ఎంతకీ అందలేదు. రాత్రి పదకొండయింది, పిల్లకి పొద్దున లెక్కల పరీక్ష. ఇంజనీరు నా వైపు చూశాడు, నేను తల ఊపాను. ఆ లైను చివరి రెండు మాటల కింద నా ట్రాక్ అలాగే ఉంచి, సౌండు తగ్గించి, ఆమె గొంతు వెనక దాచాం. ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల మాత్రం మర్నాడు విని, అద్దంలోంచి నా వైపు చూసి, రెండు వేళ్ళు చూపించింది. రెండు మాటలు అని.